గట్టిపడని బిట్టు

రోజు 6204

ఈ పుస్తకం ఖాసింబీ అవ్వ పెట్టించింది. ఊరి గాలిని కాచే గాలి గదికి పెద్ద ఆవిడే. కొలిమిలో ఎర్రగా కాల్చిన ఉక్కుని ఆముదంలో ముంచిన ప్రతిసారీ పొగ లేస్తుంది. ఆ పొగ ఊళ్ళో నాలుగొందల మంది పీల్చే గాలిలోనే కలవాలి, ఇంకెక్కడికీ పోయే దారి లేదు. అందుకని ముంచిన ప్రతి ముక్కకీ తేదీ, బరువు, పొగ ఎంత వచ్చిందీ రాయాలి. రోజుకి రెండే ముంపులు. మూడోది ముంచితే కొలిమికి తాళం. ఇంతకు ముందు పుస్తకాలన్నిటిలో అంకెలే ఉన్నాయి. ఈసారి నాలుగు మాటలు కూడా రాద్దామని కూర్చున్నాను, ఎందుకంటే మొదలుపెట్టబోయే పని నాకు అలవాటున్న పని కాదు.

నా పేరు పొన్నోజు హైమవతి. నీడగట్టు అనే ఈ ఊళ్ళో కొలిమి నాది. అంతకు ముందు మా అమ్మది; నా చేతికి వచ్చిన నాటి నుంచే ఈ రోజుల లెక్క. అమ్మ భూమి మీద పని నేర్చుకుని ఇక్కడికి వచ్చింది. నేను పుట్టింది ఇక్కడే, చంద్రుడి మీద.

నిన్న సింహాద్రి బావ వచ్చి నా బల్ల మీద ఒక బిట్టు, బోరు పైపు కొనకి బిగించే పళ్ళ ముక్క, పెట్టాడు. బావ అంటే మా అక్క మొగుడు. చీకటి గుంటలో బోరు వేసే ఆరుగురికి మేస్త్రీ. ఆ గుంటలో ఎండ పడడమంటూ లేదు. అడుగున రాయిలా బిగుసుకుపోయిన మంచు ఉంది. దాన్ని తవ్వి తెచ్చి కరిగిస్తేనే ఊరికి నీళ్ళు.

"ఆఖరిది, మరదలా," అన్నాడు.

బిట్టు పళ్ళు నాలుగూ అరిగి నున్నగా అయిపోయాయి. ఇన్నాళ్ళూ బిట్లు భూమి నుంచి ఓడలో వచ్చేవి. ఓడ రాక నాలుగేళ్ళు. ఎందుకు రావడంలేదో తలొక కథ చెప్తారు, నేను వినడం మానేశాను.

"ఏటి, సేసి ఇవ్వగలవా?"

"కత్తెర్లు చేశాను, స్ప్రింగులు చేశాను, ఆస్పత్రికి కత్తులు చేశాను. ఇదీ ఉక్కే కదా బావా."

ట్యాంకులో ఉన్న నీళ్ళు యాభై ఎనిమిది రోజులకి సరిపోతాయి.

రోజు 6206

పాడైపోయిన బండి ఇరుసు ఒకటి కోసి బిట్టు ఆకారం తీశాను. మోచెయ్యంత పొడవు, పిడికిలంత లావు. ఇంత పెద్ద ముక్క ఈ కొలిమిలో ఎప్పుడూ కాల్చలేదు.

ఎంత కాగిందో తెలుసుకోవడానికి అయస్కాంతాన్ని సన్నని తీగకి వేలాడదీసి దగ్గర పెడతాను. ఉక్కు కాగుతున్నంతసేపూ అయస్కాంతం దానివైపు లాగుతూనే ఉంటుంది. ఒకచోట, ఉన్నట్టుండి, ఆ ఉక్కుతో తనకేమీ సంబంధం లేనట్టు వదిలేస్తుంది. వేలసార్లు చూశాను. ఇప్పటికీ ఆ క్షణం వస్తుంటే ఊపిరి బిగపట్టే చూస్తాను. లోపల ఏం మారింది? చూడబోతే అదే ముక్క.

అయస్కాంతం వదిలేశాక ఇంకాస్త కాగనిచ్చి, పట్టకారుతో ఎత్తి ఆముదం తొట్టిలో నిలువుగా దించాను. ముంచాక కదపకూడదు, కదిపితే మంట లేస్తుంది అని అమ్మ నియమం. ఇరవై దాకా లెక్కపెట్టి, ఇంకో ఇరవై లెక్కపెట్టి తీశాను. పొగ: మామూలుకి రెండింతలు.

గట్టిపడిన ఉక్కు మీద ఆకురాయి పెట్టి రుద్దితే గాజు మీద జారినట్టు జారిపోతుంది. మెత్తగా ఉంటే కరుస్తుంది. పంటి చివర రుద్ది చూశాను. జారింది. బావకి కబురు పెట్టాను.

రోజు 6207

బిట్టు నలభై నిమిషాలు తవ్వింది. తర్వాత పళ్ళు పుట్టగొడుగుల్లా విచ్చుకుపోయి బోరులోనే ఇరుక్కుంది. దాన్ని పైకి లాగడానికి మూడు గంటలు పట్టింది. అంతసేపు ఆ చలిలో నిలబడ్డానికి చేసిన బట్టలు కావు వాళ్ళవి. గౌరి అని ఇరవై నాలుగేళ్ళ పిల్ల, పైపు పట్టుకుని నిలబడ్డ మనిషి, బట్టల్లో ఎడమ కాలి వేడి ఆగిపోయినా చెప్పలేదట. చెప్తే పైపు వదిలి పోవాలి కదా అని.

బావ బిట్టు తెచ్చి బల్ల మీద పెట్టాడు. నన్ను తిట్టలేదు. తిడతాడేమోనని చూశాను.

"నువ్వు ఎక్కడ రుద్ది సూసినావు?" అన్నాడు.

"పంటి చివర."

"మజ్జలో?"

బావే ఆకురాయి తీసి పంటి మధ్యలోంచి మొదలు దాకా రుద్దాడు. ఉక్కు రజను రాలింది. దాన్ని అరిచేత్తో తుడిచి, నా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

రోజు 6208

ఆస్పత్రికి వెళ్ళాను. గౌరికి ఎడమ కాలి వేళ్ళు రెండు తీసేశారు. నేను తల దించుకుని కూర్చుంటే ఆ పిల్లే మాట కలిపింది.

"అక్కా, అది తిరగడం మొదలుపెట్టినప్పుడు పైపు బాగానే కొట్టుకుంది. తర్వాత్తర్వాత మెత్తగా, బురదలో తిప్పుతున్నట్టు అయిపోయింది. లోపల అంతా మెత్తనేనా?"

"పైన తోలు మాత్రం గట్టి. లోపల మెత్తన."

"ఎందుకని?"

ఓదార్పుగానో కోపంగానో అడగలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. ఇంటికి వచ్చేదాకా ఆ ఒక్క ముక్కే చెవిలో తిరిగింది.

రోజు 6212

ముందు ఉక్కుని అనుమానించాను. ఇరుసు ఉక్కు నాసిరకమేమో. అదే ఇరుసు నుంచి గోరంత మందాన ఒక పలక కోసి, కాల్చి, ముంచాను. ఆకురాయి జారింది. మధ్యలో, అంచున, ఎక్కడ రుద్దినా జారింది. సుత్తితో కొడితే పింగాణీలా విరిగింది. ఉక్కులో లోపం లేదు.

పోనీ కాక చాలలేదేమో. రెండో బిట్టుని కొలిమిలో గంట ఎక్కువ ఉంచాను, లోపలి దాకా కాగాలని. ముంచి, ఈసారి నడిమికి అడ్డంగా కోసి చూశాను. చుట్టూ అంచు గట్టి, లోపలంతా మెత్తన.

అమ్మ భూమి నుంచి తెచ్చిన పుస్తకంలో పట్టిక ఉంది. ఈ రకం ఉక్కు, ఈ లావు, నూనెలో ముంచితే నడిమిదాకా గట్టిపడుతుందని స్పష్టంగా రాసి ఉంది. పుస్తకం అబద్ధం చెప్తోందా? భూమి మీద ఎంతమంది ఎన్నిసార్లు చేసి చూసి రాసి ఉంటారు! పుస్తకం నిజమే. నా చెయ్యి తప్పు కాదని కూడా తేలింది. మరి మా ఇద్దరి మధ్యా తేడా ఏమిటి?

రోజు 6217

నూనె.

భూమి పుస్తకంలోది మరేదో నూనె, నీళ్ళలా పలచనిది. నాది ఆముదం, తోటలో పండిన గింజల నుంచి తీసింది. చల్లగా ఉంటే తేనెలా సాగుతుంది. నూనెని కాస్త వేడి చేసి అందులో ముంచితే? నా బుద్ధికి ఇది తలకిందులుగా తోచింది. ఎర్రని ఉక్కుని త్వరగా చల్లార్చాలి, అలాంటప్పుడు చల్లని నూనె మేలు కావాలి కదా. అయినా చేసి చూశాను. వేడి నూనె పలచనై ఉక్కు చుట్టూ చురుగ్గా కదిలింది. గట్టి అంచు రెండింతలు లోపలికి దిగింది.

ఆ పూట ఎంత సంతోషమో! నూనెని ఇంకా వేడి చేశాను, ఇంకా. ఒక హద్దు దాటాక లాభం ఆగిపోయింది. నడిమి ఇంకా మెత్తనే.

స్నానాలు ఆపేశారు. బట్టలుతికే గదికి తాళం వేశారు. తాగడానికీ వంటకీ తోటకీ తప్ప నీళ్ళు లేవు. ఇలా పొదుపు చేస్తే యాభై రోజులంటున్నారు.

రోజు 6220

తప్పు చేశాను. రాయాలి కాబట్టి రాస్తున్నాను.

నిలబడి ఉన్న నూనె కంటే కదిలే నూనె మేలైతే, ఉక్కునే నూనెలో కదిపితే సరి అనుకున్నాను. అమ్మ నియమం గుర్తుంది. గుర్తుండే పట్టకారుతో బిట్టుని పైకీ కిందకీ ఆడించాను. మూడోసారి పైకి వచ్చినప్పుడు ఎర్రని ఉక్కు నూనె పైకి తేలింది. మంట ఇక్కడ నాలుకలా సాగదు, బంతిలా ఉబ్బుతుంది. నా మోచేతి వరకు ఉబ్బింది. మూత పడేసి ఆర్పాను. కుడి చెయ్యి మణికట్టు నుంచి మోచెయ్యి దాకా బొబ్బలెక్కింది.

గంటలు మోగాయి. పిల్లల బడి వైపు తలుపులు వాటంతటవే మూసుకున్నాయి. ఖాసింబీ అవ్వ ఐదు నిమిషాల్లో వచ్చింది. డెబ్బై రెండేళ్ళ మనిషి, చిన్నగా, ఎండిన కొమ్మలా ఉంటుంది. గోడకున్న పొగ కొలిచే ముల్లు చూసింది, నా చెయ్యి చూసింది, కొలిమికి తాళం వేసింది.

"అవ్వా, ఇంక నలభై చిల్లర రోజులే..."

"నీళ్ళు లేకపోతే నలభై రోజులకి పోతాం. గాలి చెడితే నలభై నిమిషాలు పట్టదు," అంది. తాళం చెవి నడుముకి దోపుకుని వెళ్ళిపోయింది.

రోజు 6224

కొలిమి లేని రోజు ఎంత పొడుగో తెలిసింది. అక్క వచ్చి చేతికి మందు రాసింది. బావ ఇంట్లో ఏమంటున్నాడని అడిగితే, "ఏమీ అనట్లేదు, అదే భయంగా ఉంది," అంది. పాత బిట్లని బండరాళ్ళ మీద నూరి, విరిగిన ముక్కలతో తవ్వుతున్నారట. రోజుకి జానెడు దిగుతోంది.

కదిపిన ఆ బిట్టు ఇంకా నా దగ్గరే ఉంది. మూడుసార్లే ఆడించాను కదా. కోసి చూశాను. గట్టి అంచు ఇంతకు ముందెప్పుడూ దిగనంత లోపలికి దిగింది! మూడే ఊపులకి. అంటే కదలనప్పుడు నూనెకీ ఉక్కుకీ మధ్య ఏదో అడ్డం ఉంది. కదపగానే అది తొలగింది. అది ఏమిటి? తొట్టి ఇనుముది, నూనె చిక్కనిది, పైన పొగ. ఇన్నేళ్ళుగా ముంచుతున్నాను, ముంచాక లోపల ఏం జరుగుతుందో ఒక్కసారీ చూడలేదు!

గాలి గదికి వెళ్ళాను. అవ్వ గోడ నిండా ఉన్న కొలత ముళ్ళ ముందు కూర్చుని గోధుమ రొట్టె తింటోంది.

"తాళం తియ్యను," అంది నేను నోరు తెరవకముందే.

"తియ్యొద్దు అవ్వా. ఒక్క చిన్న ముక్క. బొటనవేలంత. గాజు జాడీలో ముంచుతాను. మీ గదిలో, మీ పొగగొట్టం కింద, మీ ముందే. గట్టిపడుతుందా లేదా అని కాదు, ఊరికే చూడ్డానికి."

"ఏం చూడ్డానికి?"

"అదే తెలీదు. చూస్తే తెలుస్తుంది."

ఆవిడ రొట్టె నమలడం ఆపింది. నా చేతి కట్టు వైపు చాలాసేపు చూసింది.

"ఎల్లుండి, పొద్దున," అంది.

రోజు 6226

జాడీ ఆస్పత్రిది, వేడికి పగలని రకం. ఆముదాన్ని నాలుగుసార్లు వడకట్టి తేటగా చేశాను. చిన్న విద్యుత్ పొయ్యి మీద ఉక్కు ముక్కని కాల్చి, తీగకి కట్టి జాడీలో దించాను. అవ్వ ఒక పక్క, నేను ఒక పక్క, ముక్కులు గాజుకి ఆనించి చూశాం.

ఎర్రని ముక్క చుట్టూ వెండి రంగు పొర ఒకటి కమ్ముకుంది. గుడ్డులో పచ్చసొనలా ఆ పొర నడుమ ఉక్కు వెలుగుతోంది. నూనె ఆ పొర బయటే ఉంది, ఉక్కుని తాకడంలేదు! పొర మీద ఒక బుడగ నెమ్మదిగా ఉబ్బింది, ఉబ్బింది, వేలి కణుపంత అయ్యాక బద్ధకంగా విడిపోయి పైకి బయలుదేరింది. దాని వెనక ఇంకోటి. నేను లెక్కపెడుతున్నాను. తొమ్మిది... పది... పదకొండు దగ్గర పొర ఒక మూల చిరిగింది, నూనె లోపలికి చొరబడింది, సుయ్యిమని మొత్తం మరిగిపోయింది. అప్పటికే ఉక్కు ఎరుపు పోయి నల్లబడింది. ఆలస్యమైపోయింది.

నూనె మరిగిన ఆవిరే ఉక్కుకి దుప్పటి కప్పుతోంది. సన్నని పలక ఎంత దుప్పటిలోనైనా తొందరగా చల్లారిపోతుంది. లావు ముక్క దుప్పటిలో వెచ్చగా కూర్చుంటోంది.

అది సరే, మరి భూమి మీద? అక్కడి నూనె మరగదా?

అవ్వ ఇంకా జాడీకే అతుక్కుని ఉంది. తర్వాత, "నూనె ఇట్ల కాగదు, బిడ్డా," అంది.

"అంటే?"

"మా అమ్మకి ప్రొద్దుటూరులో బజ్జీల బండి ఉండె. సాయంత్రం బడి నుంచి వచ్చి నేను పిండి కలిపిస్తాంటి. మిరపకాయ పిండిలో ముంచి బాణలిలో వేస్తే, వేసీ వెయ్యకముందే, చుట్టూ బుడగలు జివ్వుమని లేచి పోతాండె. సన్నవి, ఆవగింజలంత. లెక్కబెట్టేదానికి కూడా అందవు. ఒకటి పుట్టీ పుట్టకముందే ఇంకోటి దాన్ని తోసేస్తాండె." ముడతల వేలితో జాడీ మీద కొట్టింది. "ఇవి చూడు, జరమొచ్చినోళ్ళ మాదిరి ఎట్ల కూర్చోనుండాయో!"

నేను బజ్జీ చూడలేదు. ఊళ్ళో నూనెలో వేయించడం నిషేధం. ఆ నిషేధం పెట్టింది ఈవిడే.

"అక్కడెందుకు అంత తొందరగా లేస్తాయి?"

ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "నలభై ఏండ్లుగా నేను చేసే పని ఏంది? ఈడ వేడి గాలి తనంతట తను సరిగా పైకి పోదు. భూమి మీద అన్నిటికీ ఆరింతల బరువు. బరువైంది కిందికి దిగుతుంది, తేలికైనదాన్ని పైకి తోస్తుంది. ఈడ తోసే బలం లేదు. అందుకే నేను ప్రతి గదిలో పంకా పెట్టి తోస్తాండాను. లేకపోతే నిద్రపోయే మనిషి మొగం చుట్టూ ఆ మనిషి ఊపిరే నిలబడిపోతుంది..."

మాట మధ్యలో ఆపేసింది. ఇద్దరం జాడీ వైపు చూశాం.

"అవ్వా," అన్నాను, "ఉక్కుని కదపక్కర్లేదు. నూనెని తోస్తే చాలు."

"కింద నుంచి," అంది ఆవిడ. "పైకి. మూత పెట్టి."

రోజు 6231

బట్టల గది మూసేశారు కాబట్టి ఉతికే యంత్రం పంపు ఖాళీగా ఉంది. అవ్వ కొలిమి తాళం తీసి, ఆ పంపుని సంతకం పెట్టి ఇప్పించింది. తొట్టి అడుగున ఒక గొట్టం పెట్టి పంపుతో నూనెని పైకి చిమ్మించాను. ఉక్కుని మూతలోని కంత గుండా దించి, కంత మూసేస్తాను. ఎర్రని ఉక్కు నూనె పైకి తేలే అవకాశమే లేదు. పొగ మూత కింది నుంచి నేరుగా అవ్వ గొట్టంలోకి పోతుంది. ఆవిడ ఐదు రోజులూ కొలిమిలోనే ఉంది. గొట్టం కీళ్ళకి తన చేత్తోనే మైనం పూసింది.

మొదటి బిట్టు: గట్టిపడింది, అరటిపండులా వంగిపోయింది! నూనె ఒక పక్క నుంచే తగిలింది కాబట్టి ఆ పక్క ముందు బిగుసుకుని రెండో పక్కని లాగేసింది. ఇద్దరం దాన్ని బల్ల మీద దొర్లించి చూసి నవ్వుకున్నాం. నవ్వి చాలా రోజులైంది.

రోజు 6233

గొట్టాన్ని ఉంగరంలా చుట్టి, చుట్టూతా ఇరవై నాలుగు కంతలు పెట్టాను. అన్ని పక్కల నుంచీ ఒకే జోరుగా నూనె లేస్తుంది.

అయస్కాంతం వదిలేసింది. ఇంకాస్త ఆగాను. దించాను. మూత లోపల చర్రుమని ఒకటే మోత, ఇంతకు ముందెప్పుడూ వినని మోత. "అదీ!" అని అరిచింది అవ్వ. "అదీ బాణలి చప్పుడు!" కళ్ళు తుడుచుకుంది. పొగేమీ లేదు గదిలో.

చల్లారాక నడిమికి కోద్దామని రంపం పెట్టాను. రంపం జారిపోయింది. పళ్ళు పోయిన రంపాన్ని చూసి ఎవరైనా ఇంత సంబరపడతారా? సానరాయితో అరగదీసి కోశాను. అంచు నుంచి నడిమి దాకా ఒకటే రంగు, పట్టులాంటి సన్నని పోగు.

రోజు 6236

తొందరపడలేదు ఈసారి. గట్టిదంతా మంచిది కాదు. ముంచిన ఉక్కు గాజులాంటిది, చలిలో ఇంకా పెళుసు. చీకటి గుంట చలి ఈ ఊళ్ళో ఎక్కడా లేదు కాబట్టి గౌరినే అడిగాను. చేతికర్రతో నడుస్తోంది ఇప్పుడు. బోరు బండిలో ఒక బిట్టు గుంట నీడలోకి పంపించి, ఒక పూటంతా ఆ చలిలో నానబెట్టి, అక్కడే సుత్తితో కొట్టించింది. రెండు ముక్కలైంది.

అందుకే పాయనం. గట్టిపడిన ఉక్కుని మళ్ళీ కాస్త కాచడం. తోమిన ఉక్కు మీద రంగులు నడుస్తాయి. ముందు ఎండుగడ్డి పసుపు, తర్వాత తేనె రంగు, తర్వాత వంకాయ రంగు, చివరికి నీలం. రంగు ముదిరినకొద్దీ గట్టితనం కాస్త తగ్గి సాగుడు పెరుగుతుంది. పసుపు దగ్గర ఆపిన బిట్టు చలిలో విరిగింది. నీలం దగ్గర ఆపింది విరగలేదు, ఆకురాయి మాత్రం కరిచింది. వంకాయ రంగు తిరుగుతుండగా ఆపిన దాన్ని గౌరి పద్దెనిమిది దెబ్బలు కొట్టించింది.

"పంతొమ్మిదో దెబ్బకి సుత్తి కర్ర విరిగింది అక్కా," అని కబురు చెప్పింది, నవ్వుతూ.

ఈసారి పంటి చివర, మధ్య, మొదలు, వెనక, పన్నెండు చోట్ల రుద్ది చూశాను, అన్నిచోట్లా జారింది. ఎక్కడెక్కడ రుద్దానో బొమ్మ వేసి గౌరి చేత సంతకం పెట్టించాను.

రోజు 6238

నీళ్ళు ఇరవై తొమ్మిది రోజులు.

బిట్టు పట్టుకుని బావ ఇంటికి వెళ్ళాను. అక్క తలుపు తీసింది. బావ బిట్టుని అటూ ఇటూ తిప్పి చూశాడు, గోటితో పంటి మీద గీశాడు.

"నా దగ్గర ఐదుగురే ఉన్నారు," అన్నాడు. "ఇది ఇరుక్కుంటే మళ్ళీ మూడు గంటలు ఎవల్ని నిలబెట్టమంటావు?"

"నన్ను."

తలెత్తాడు.

"గౌరి చోట్లో నేను నిలబడతాను. పైపు పట్టుకోవడం చూపించు."

"నువ్వు ఎప్పుడైనా గుంటలోకి దిగినావా?"

"లేదు."

బావ బిట్టుని గుడ్డలో చుట్టి తలుపు పక్కన పెట్టుకున్నాడు. "రేపు ఆరింటికి. కట్టు తీసి కొత్తది కట్టించుకుని రా," అన్నాడు.

రోజు 6239

గుంటలో అన్ని దిక్కులా చీకటే. మా దీపాలు పడినంత మేర బూడిద రంగు మట్టి. గుంట అంచు మాత్రం చాలా పైన, ఎండ తగిలి, తెల్లని తాడులా మెరుస్తోంది. బోరు యంత్రం మొదలైనా చప్పుడు లేదు. గాలి లేని చోట చప్పుడెక్కడిది? ఈ మనుషులు ఇన్నేళ్ళుగా చెవులు లేకుండానే తవ్వుతున్నారని నాకు ఇవాళే తెలిసింది.

బావ నా చెయ్యి పట్టుకుని తిరుగుతున్న పైపు పక్కనున్న చట్రం మీద పెట్టాడు. రేడియోలో ఆయన గొంతు నా చెవి పక్కనే ఉంది.

"సేత్తో ఇను."

చేతి తొడుగులో నుంచి సన్నని వణుకు తెలిసింది. పై మట్టి గుండా పోతున్నంతసేపూ అది గరగరలాడింది. తర్వాత ఒక్క కుదుపు. బావ చెయ్యి నా చేతి మీద బిగుసుకుంది.

"మంచు తగిలింది," అన్నాడు.

గౌరి చెప్పిన మాట గుర్తొచ్చింది: మెత్తగా, బురదలో తిప్పినట్టు. ఆ మెత్తదనం కోసం అరచేతిలోని ప్రతి నరంతో కాచుకున్నాను. వణుకు మారలేదు. తీగ మీటినట్టు ఒకే తీరున వస్తూనే ఉంది. పైపు కిందికి దిగుతోంది, కళ్ళముందే, బెత్తెడు బెత్తెడు. నలభై నిమిషాలు దాటింది. నా ఊపిరి చప్పుడు నాకే పెద్దగా వినిపిస్తోంది.

పైపు మొత్తం దిగిపోయింది. బావ యంత్రం ఆపి, పై కొసని విప్పి, దీపం ఎత్తి నా వైపు తిరిగాడు. గాజు వెనక మొహం కనబడలేదు.

"ఏటి సూస్తన్నావు, మరదలా?" అన్నాడు. "ఇంకో పైపు అందియ్యి."

అందించాను. అది దిగాక ఇంకోటి. తర్వాత ఇంకోటి. కుడి చెయ్యి మండుతోంది, ఎడం చేతికి మార్చుకున్నాను. భూమి బిట్లతో పూటకి రెండు పైపులే దిగేవట. బండిలో తెచ్చిన ఐదు పైపులూ అయిపోయాక, పైకి వెళ్ళి మరికొన్ని తెమ్మని బావ ఒక మనిషిని పంపించాడు.